జపాన్‌లో తెల్లన్నం అందరిదీ అయిందెప్పుడు?

జపాన్ చక్రవర్తి ఏటా నవంబరు 23న కొత్త పంటను దేవతలకు నివేదించి, తానూ ఆరగిస్తాడు. 'నీనమె' అనే ఈ క్రతువును చూపించి, వరి జపాన్ జాతికి ప్రాణమనీ, ఆ దేశం రెండువేల ఏళ్ళుగా అన్నం తినే బతికిందనీ రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ నైవేద్యంలో బియ్యంతో పాటు కొర్రలు కూడా ఉంటాయన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. దేవుడి ముందు పక్కపక్కనే పెట్టిన రెండు గింజల్లో ఒకటి జాతికి గుర్తయింది, రెండోది మరుగున పడింది. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే జపాన్‌లో అన్నం ఎవరు తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎంత తిన్నారు అన్న ప్రశ్నలకు ఉన్న ఆధారాలను ఒక్కొక్కటిగా తూచి చూడాలి.

ఆ ఆధారాలను బట్టి నాకు తోచింది ముందే చెబుతాను. జపాన్‌లో వరి చాలా పాతది. రోజూ పూటపూటా అందరూ తెల్లన్నం తినడం మాత్రం 20వ శతాబ్దపు సంగతి. పాత రికార్డుల్లో ఎక్కువ భాగం రాజ్యం వసూలు చేసిన పంటను చెబుతాయి. జనం నోట్లోకి ఏం పోయిందో వాటిలో అరుదుగా గాని కనబడదు. వసూలు లెక్కను తిండి లెక్కగా చదవడం వల్లే ఆ రెండువేల ఏళ్ళ మాట పుట్టిందని నేననుకుంటున్నాను.

వరి రాక గురించి పెద్ద తగవు లేదు. కొరియా ద్వీపకల్పం నుంచి ఉత్తర క్యూషూ దీవికి నీటిసాగు వచ్చిందనడానికి నబతకె, ఇతజుకె తవ్వకాల్లో మడులు, కాలువలు దొరికాయి. కాలం దగ్గరే వాదన. 2003లో జపాన్ జాతీయ చరిత్ర మ్యూజియం పరిశోధకులు రేడియోకార్బన్ లెక్కల ఆధారంగా ఆ తేదీని సుమారు 500 ఏళ్ళు వెనక్కి, క్రీ.పూ. 10వ శతాబ్దానికి జరిపారు. దాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఏ తేదీని తీసుకున్నా మడి దొరికిన ఊళ్ళో వరి పండిందని మాత్రమే రుజువవుతుంది. ఆ ఊరివాళ్ళ తిండిలో అన్నం ఎంత, చింకపిన్‌లు, ఓక్ కాయలు, చేపలు ఎంత అన్నది మడి చెప్పలేదు.

8వ శతాబ్దం నుంచి రాత ఆధారాలు మొదలవుతాయి. నారా నగరంలో 1988లో నగయ రాకుమారుడి ఇంటి స్థలం తవ్వినప్పుడు సుమారు 35,000 చెక్క చీటీలు బయటపడ్డాయి. పన్నుల మూటలకు కట్టినవి కొన్ని, ఇంటి ఖర్చు రాసుకున్నవి కొన్ని. వాటిలో బియ్యం ఉంది, సముద్రపు నత్తలున్నాయి, నాచు ఉంది, పాలు ఉన్నాయి, ఎండాకాలానికి కొండల్లోంచి తెప్పించిన మంచు కూడా ఉంది. ఒక రాజకుటుంబం ఏం తిన్నదో ఇంత దగ్గరగా చూపించే ఆధారం మరే ప్రాచీన నగరానికైనా ఉండటం అరుదు. కానీ అది ఒక్క ఇంటి వైభవం. అదే కాలపు ప్రభుత్వ శాసనాలు మరో సంగతి చెబుతున్నాయి. 722లో వానలు లేక పంట పోయినప్పుడు, బుక్‌వీట్, బార్లీ, గోధుమ వేసి దాచుకోవాలని చక్రవర్తిని గెన్షో ఆజ్ఞ జారీ చేసింది. వరి ఒక్కటే జనాన్ని నిలబెట్టలేదని పాలకులకు అప్పుడే తెలుసు.

వరి అసలు పెత్తనం లెక్కల పుస్తకాల్లో మొదలైంది. 16వ శతాబ్దం చివర జపాన్ పాలకుడు తొయొతొమి హిదెయొషి దేశమంతా భూమి కొలిపించాడు. ప్రతి కమతానికీ దిగుబడిని 'కొకు'ల్లో కట్టారు. కొకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం, ఒక మనిషి ఏడాది తిండికి సరిపోతుందని లెక్క. మడికే కాదు, కొర్రలు పండే మెరక చేనుకూ, ఇంటి స్థలానికీ కూడా కొకుల్లోనే విలువ కట్టారు. ప్రభువు హోదా, సమురాయ్ జీతం, ఊరి పన్ను అన్నీ దాంతోనే. ఉత్తరాన ఇప్పటి హొక్కైదో కొసలో ఉన్న మత్సుమయె సంస్థానంలో ఆ రోజుల్లో వరి పండేదే కాదు. అక్కడి మూలవాసులైన ఐనులతో చేపల, తోళ్ళ వ్యాపారం మీద బతికిన ఆ ప్రభువుకు కూడా పదివేల కొకుల హోదా ఇచ్చారు. కాగితం మీద వడ్లు, నేల మీద చేపలు! ఈ ఒక్క ఉదాహరణ చాలు, కొకుల లెక్క చూసి తిండి ఊహించడం ఎంత ప్రమాదమో తెలియడానికి.

చరిత్రకారుడు అమినొ యొషిహికొ ఈ ప్రమాదాన్ని గట్టిగా ఎత్తిచూపాడు. నొతొ ద్వీపకల్పంలోని తొకికుని కుటుంబాన్ని రికార్డులు రైతు కుటుంబంగా చూపుతాయి. వాళ్ళ ఇంటి కాగితాలు తిరగేస్తే ఓడలు నడిపి ఉప్పు, సముద్రపు నాచు అమ్మిన పెద్ద వర్తకులని తేలింది. వరి లెక్కల వెనక జాలర్లు, ఉప్పు కొటారువాళ్ళు, అడవి మీద బతికేవాళ్ళు కనపడకుండా పోయారన్నది అమినొ వాదన. దీనికి ఎదురు వాదన కూడా ఉంది. సైనిక పాలకులైన షోగున్‌లు ఏలిన ఎదొ కాలపు (1603–1868) సామాన్యుల జీవన ప్రమాణం మనం అనుకున్నంత హీనంగా లేదనీ, అన్నం వాళ్ళకు మరీ అందని వస్తువేమీ కాదనీ చరిత్రకారిణి సుజాన్ హాన్లీ 1997 నాటి తన పుస్తకంలో రాసింది. రెండు వాదనలూ దేశమంతటికీ ఒకే జవాబు వెతికినప్పుడే ఢీకొంటాయి. పశ్చిమాన మడి ఉన్న ఊరికీ, ఈశాన్యాన ఊదలు పండే కొండ ఊరికీ ఒకే జవాబు కుదరదు.

రైతులు బియ్యం తినరాదని ప్రభుత్వమే నిషేధించిందని కూడా తరచూ రాస్తారు. ఇందుకు చూపించేది 1649 నాటి 'కెయిఅన్ శాసనం'. ఇది షోగున్ ప్రభుత్వం అప్పుడు జారీ చేసిందేనా అన్నదాని మీద పరిశోధకులు గట్టి సందేహాలు వెలిబుచ్చారు. 1697లో కొఫు సంస్థానంలో వచ్చిన ఒక నియమావళికి ఇది తర్వాతి రూపమనీ, 19వ శతాబ్దంలో అచ్చయ్యాకే దేశమంతా పాకిందనీ ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. కాబట్టి దాన్ని పక్కన పెడదాం. 1642–43 కరువులో రైతులు ముతక ధాన్యాలే తినాలనీ, బియ్యం విచ్చలవిడిగా వాడరాదనీ వచ్చిన ఆజ్ఞలు మాత్రం నిజమైనవే. అయితే తినొద్దన్నారంటే కొందరైనా తింటున్నారనే కదా! నిషేధం పాలకుడి కోరికకు సాక్ష్యం, రైతు కంచానికి కాదు.

ఆజ్ఞలకంటే బరువైన సాక్ష్యం సంత. ప్రభువులు పన్నుగా తీసుకున్న బియ్యాన్ని ఒసాకా, ఎదొ (ఇప్పటి టోక్యో) మార్కెట్లకు పంపి అప్పులు తీర్చుకునేవారు. తెన్‌మెయి కరువు ముంచుకొస్తున్న 1783లో కూడా ఈశాన్యంలోని త్సుగరు సంస్థానం బియ్యం ఓడలకెత్తి పంపేసింది. ఆ ఏడు చల్లగాలికి పైరు ఈనలేదు. పండించినవాళ్ళ ఊళ్ళు వల్లకాడయ్యాయి. ఆ బియ్యం తిన్నది నగరం.

నగరం తిన్నదనడానికి ఒక విచిత్రమైన సాక్షి ఉంది, అదొక జబ్బు. బియ్యానికి పై పొర, ముక్కు పోయేదాకా దంపితే తవుడుతో పాటు బి1 విటమిన్ పోతుంది. కూర, పప్పు, చేప అంతంతమాత్రంగా ఉండి తెల్లన్నమే కడుపు నింపితే బెరిబెరి వస్తుంది. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, చివరికి గుండె ఆగిపోతుంది. కొర్రలు, ఊదలు, బార్లీ కలిపి తినేవాళ్ళకు ఇది సాధారణంగా రాదు. అంటే బెరిబెరి ఎక్కడ కనపడితే అక్కడ తెల్లన్నం ప్రధాన తిండి అయిందని అనుకోవచ్చు. పన్ను పుస్తకంలా దీన్ని ఏ అధికారీ తనకు కావలసినట్టు రాయలేడు. అందుకే నేను దీనికి అన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను.

17వ శతాబ్దం చివర ఎదొ నగరంలో ఈ జబ్బు ఎంత పెరిగిందంటే దానికి 'ఎదొ జబ్బు' అనే పేరే వచ్చింది. ప్రభువు కొలువుకు ఎదొ వచ్చిన సమురాయ్‌లకు పట్టేది, సొంత ఊరికి వెళ్ళి అక్కడి ముతక తిండి తింటే తగ్గేది. 14వ షోగున్ ఇయెమొచి 1866లో ఒసాకా కోటలో ఇరవై దాటీ దాటకముందే చనిపోయింది కూడా దీనితోనే అని చరిత్రకారుల అభిప్రాయం. కొండ ఊళ్ళ పేదలను వదిలి కోటలో ఉన్నవాళ్ళను పట్టుకున్న జబ్బు ఇది.

1873లో నిర్బంధ సైనిక సేవ వచ్చాక తెల్లన్నం రైతుబిడ్డ దాకా చేరింది. సైనికుడికి రోజుకు ఆరు 'గొ'లు, అంటే సుమారు 900 గ్రాముల తెల్ల బియ్యం. ఇంట్లో బార్లీ, కొర్రలు కలిపిన ముద్ద తిన్న కుర్రాడికి ఇది పండగ. వెంటనే బారకాసుల్లో బెరిబెరి పుట్టింది. అదే సమయంలో ఖర్చు తగ్గించడానికి బార్లీ కలిపిన అన్నం పెట్టిన జైళ్ళలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఒసాకా సైనిక వైద్యుడు హొరియుచి తొషికుని ఈ తేడా గమనించి 1884లో తన దళాలకు బార్లీ అన్నం మొదలుపెట్టాడు.

నౌకాదళం కథ దగ్గరగా చూడదగ్గది. 1882 చివర బయలుదేరిన శిక్షణ ఓడ 'ర్యూజొ' న్యూజీలాండ్, దక్షిణ అమెరికా తీరం, హవాయి మీదుగా 272 రోజులు తిరిగింది. 376 మందిలో 169 మందికి బెరిబెరి, 25 మంది మృతి. హొనొలులు చేరేసరికి ఓడ నడపడానికి చాలినంత మంది లేచి నిలబడే స్థితిలో లేరు. అక్కడ తిండి మార్చాక మిగిలినవాళ్ళు కోలుకున్నారు. లండన్‌లో చదివి వచ్చిన నౌకా వైద్యుడు తకాకి కనెహిరొ 1884లో 'త్సుకుబ' అనే ఓడను దాదాపు అదే దారిలో పంపించాడు. ఈసారి మాంసం, పాలు, రొట్టె, కూరలు పెంచి, అన్నం తగ్గించాడు. ఒక్కరూ చనిపోలేదు. జబ్బు పడ్డ కొద్దిమందిలో ఎక్కువమంది తమకు ఇచ్చిన కొత్త తిండి సరిగా తిననివాళ్ళే.

ఈ ఫలితం బ్రహ్మాండమైనదే, కానీ దీన్ని కూడా జాగ్రత్తగానే చదవాలి. తకాకి ఒకేసారి చాలా మార్చాడు గనుక ఏది పని చేసిందో ఈ పరీక్ష తేల్చలేదు. మాంసకృత్తులు తక్కువై జబ్బు వస్తోందని అతను నమ్మాడు. ఆ కారణం తప్పు, మందు సరైనది. నావికులకు రొట్టె సహించలేదు. 1885 నుంచి బియ్యంలో బార్లీ కలపడంతో నౌకాదళంలో బెరిబెరి దాదాపు మాయమైంది. సైన్యపు పెద్ద వైద్యులు మాత్రం ఇదేదో క్రిమి వల్ల వచ్చే జబ్బని పట్టుబట్టారు. వాళ్ళలో నవలాకారుడిగా పేరుపడ్డ మోరి ఓగై ఒకడు. రుజువు కావాలని వాళ్ళు అడగడం శాస్త్ర ధర్మమే, కళ్ళెదుట సైనికులు పోతుండగా ఆగడం కాదు. 1904–05 రష్యా యుద్ధంలో జపాన్ సైన్యంలో సుమారు రెండున్నర లక్షల మందికి బెరిబెరి వచ్చింది, 27,000 మంది దాకా చనిపోయారు. కడుపునిండా తెల్లన్నం పెడతామన్న మాటను నిలబెట్టుకోవడం కూడా సైన్యానికి ఒక గౌరవ సమస్య అయిందని ఆ చరిత్ర చదివితే అనిపిస్తుంది. 1910లో రసాయన శాస్త్రవేత్త సుజుకి ఉమెతరొ తవుడు నుంచి బెరిబెరిని మాన్పే పదార్థాన్ని వేరుచేశాడు.

ఇదే జబ్బు మన తీరాన్నీ పట్టుకుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడు మాల్కంసన్ 1835లో బెరిబెరి మీద రాసిన గ్రంథానికి ముడిసరుకు ఎక్కువగా ఉత్తర సర్కారుల నుంచి వచ్చింది. 1930లలో కూనూరు పోషకాహార ప్రయోగశాలను నడిపిన ఎయిక్రాయిడ్, ఆయన సహచరులు దక్షిణాన బెరిబెరి ముఖ్యంగా తెలుగు తీర జిల్లాల్లోనే ఎందుకుందో వెతికారు. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 కొంత గింజలోకి ఇంకుతుంది, తర్వాత మరపట్టినా మిగులుతుంది. సర్కారు జిల్లాలవాళ్ళు తిన్నది పచ్చి బియ్యం, పైగా గంజి వార్చి. మాల్కంసన్ రాసేనాటికి బియ్యపు మరలు ఇంకా రాలేదు గనుక నెపమంతా మిల్లు మీద వేయడం కుదరదు, బాగా దంపి చెరిగిన బియ్యమూ ఆ పని చేయగలదు. ఆ కూనూరు ప్రయోగశాలే తర్వాత హైదరాబాదుకు వచ్చి 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

జబ్బు ఎక్కడ తెల్లన్నం ఉందో చెప్పింది. లేనిచోట ఏముందో చెప్పడానికి సర్వేలున్నాయి. 1880 ప్రాంతంలో, షోగున్‌ల తర్వాత వచ్చిన మెయిజి ప్రభుత్వం ఏ ప్రాంతంవాళ్ళ రోజువారీ తిండి ఏమిటో లెక్క తీయించింది. దేశం మొత్తం మీద బియ్యం వాటా సగానికి కొంచెం ఎక్కువ, బార్లీ, గోధుమలు పావు వంతుకు అటూఇటూ, మిగతాది చిరుధాన్యాలు, చిలగడదుంపలు. అధికారులు అంచనా కట్టి పంపిన అంకెలివి, కాటా పెట్టి తూచినవి కావు. కాబట్టి అంకెలకంటే ప్రాంతాల మధ్య తేడానే ఎక్కువ నమ్మదగింది. ఒకినవాలో చిలగడదుంపే అన్నం. ఇవతె కొండల్లో ఊదలు. హిదా కొండ ప్రాంతంలో నాలుగు వందలకు పైగా ఊళ్ళ పంటలు, వేట, అడవి కాయలు నమోదు చేసిన 1873 నాటి గ్రంథంలోనూ వరి పక్కన ఊదలు గట్టిగా నిలబడ్డాయి.

చావు బతుకుల్లో ఉన్న మనిషి చెవి దగ్గర వెదురు గొట్టంలో కాసిని బియ్యపు గింజలు వేసి ఆడించి, ఆ చప్పుడు వినిపించేవారని కొండ ఊళ్ళ గురించి ఒక కథ చెబుతారు. గుండె పిండేసే కథ. కానీ ఇలాంటివి తరచూ పక్క ఊరివాళ్ళ పేదరికం గురించి చెప్పుకునేవి. అన్నం మీద ఉన్న ఆశకు దీన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు, ఆచారానికి తీసుకోలేను. ఇంతకంటే గట్టి ఆధారం 1984–93 మధ్య 50 సంపుటాలుగా వెలువడిన జపాన్ ఆహార జీవన సంకలనం. 1920ల ప్రాంతంలో ఇంటి వంట చేసిన ముసలివాళ్ళను జిల్లాలవారీగా కూర్చోబెట్టి రాసుకున్నది. అందులో అన్నంలో బార్లీ కలిపారు, ఊదలు కలిపారు, ముల్లంగి తరిగి కలిపారు. వట్టి తెల్లన్నం చాలా ఊళ్ళలో పండగనాడే. జ్ఞాపకాలకు సొంత లోపాలుంటాయి, కానీ ఇన్ని ఊళ్ళవాళ్ళు ఒకే తీరుగా చెబితే కొట్టిపారేయడం కష్టం.

మార్పు వేగంగా వచ్చింది. 1918 జూలైలో తొయామా తీరంలోని ఉఒజులో జాలరి ఆడవాళ్ళు బియ్యం ఓడకెక్కకుండా అడ్డుకున్నారు. ధరల మీద ఆ అలజడి దేశమంతా పాకి, సెప్టెంబరులో ప్రధాని తెరఉచి ప్రభుత్వం రాజీనామా చేసింది. జాలరిపల్లెలో కూడా బియ్యం ధర ప్రాణసమస్య అయిందంటే తిండి అప్పటికే ఎంత మారిందో చూడండి. తర్వాత ప్రభుత్వం బియ్యం కోసం తన వలస రాజ్యాల వైపు తిరిగింది. కొరియాలో 1920 నుంచి వరి పెంపు పథకం, తైవాన్‌లో జపాన్ రుచికి తగ్గ కొత్త వంగడాలు. కొరియా బియ్యం ఒసాకాకు వచ్చింది, కొరియావాళ్ళ తలసరి బియ్యం తగ్గి, మంచూరియా చిరుధాన్యాలు వాళ్ళ గిన్నెలోకి వచ్చాయి. జపాన్‌వాళ్ళు అన్నం తినే జాతి అయ్యారని గొప్పగా చెప్పే పుస్తకాలు ఈ పేజీని కూడా చెప్పాలి.

1941 ఏప్రిల్ నుంచి ఆరు మహానగరాల్లో మనిషికి రోజుకు 330 గ్రాముల బియ్యం రేషను. 1942లో ఆహార నియంత్రణ చట్టం. నగరంవాడికి ఇది కోత. అంతకుముందు రోజూ బియ్యం ముఖం చూడని కొన్ని కొండ ఊళ్ళకు మాత్రం రేషనే బియ్యం తెచ్చిపెట్టిందని తిండి చరిత్రకారులు చూపించారు. యుద్ధం ముదిరాక అందులోనూ దుంపలు, సోయా కలిశాయి గనుక ఈ మాటను అతిగా సాగదీయకూడదు. యుద్ధం తర్వాత పండిన మడులతో, పెరిగిన జీతాలతో 1962లో తలసరి బియ్యం వాడకం 118 కిలోలకు చేరి, అక్కడి నుంచి దిగడం మొదలైంది. ఇప్పుడు 50 కిలోల దరిదాపుల్లో ఉంది. 1970 నుంచి ప్రభుత్వమే వరి సాగు తగ్గించమని రైతులకు డబ్బిచ్చింది. అందరూ రోజూ తెల్లన్నం తిన్న కాలం అంటూ ఉంటే అది ఒక తరానికి మించి లేదు.

2013 డిసెంబరులో యునెస్కో జపాన్ ఆహార సంస్కృతిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ నమోదు పేరులోనే కొత్త సంవత్సరపు పండగ ప్రత్యేకంగా ఉంది. ఆ పండగకు గుర్తు జిగురు బియ్యం దంచి చేసే 'మొచి'. కనీసం పండగనాడైనా జపాన్ అంతా ఒకటే తిన్నదా? జానపద పరిశోధకుడు త్సుబొయి హిరొఫుమి 1979లో అచ్చయిన 'ఇమొ తొ నిహొన్‌జిన్' పుస్తకంలో, కొత్త సంవత్సరానికి మొచి ముట్టకూడదనే కట్టుబాటు ఉన్న కుటుంబాలను, ఊళ్ళను దేశంలో చాలాచోట్ల చూపించాడు. వరిసాగుకు ముందున్న మెరక సేద్యపు సంప్రదాయం అక్కడ మిగిలిందని ఆయన వివరణ. ఆ వివరణ మీద చర్చ సాగుతూనే ఉంది. కట్టుబాటు మాత్రం నమోదైన విషయం. ఆ ఇళ్ళలో పండగనాడు దేవుడి ముందు పెట్టేది ఉడికించిన చేమదుంపలు.